రోడ్డే కల్లమైతే

పొద్దుగూకాక పరకాల నుంచి హుజూరాబాద్ వైపో, నర్సంపేట నుంచి వరంగల్ వైపో బైక్ మీద వచ్చే మనిషికి, కోతల కాలంలో ముందున్నది రోడ్డో వడ్ల కుప్పో దగ్గరికి వచ్చేదాకా తెలియదు. పగలంతా ఆరబోసిన వడ్లను సాయంత్రం మంచుకు తడవకుండా దగ్గరికి నూకి, పైన నల్ల పరదా కప్పుతారు. గాలికి ఎగిరిపోకుండా చుట్టూ తలకాయంత రాళ్లు పెడతారు. తారు నలుపే, పరదా నలుపే. అదే సమయానికి ఎదురుగా ఇసుక లారీ హైబీమ్ వేసుకుని వస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బైక్ సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. రెండు సెకన్లు ఏమీ కనపడకపోతే చాలు, ముందు చక్రం రాయికి తగులుతుంది, మనిషి ఎగిరి లారీ కిందనో కల్వర్టు గోడ మీదనో పడతాడు. హెల్మెట్ ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంటుంది.

తెల్లారితే జిల్లా పేజీలో నాలుగు వరుసల వార్త. మా పత్రికలోనూ అంతే. యాసంగిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి అదే వార్త ఊరి పేరు మార్చుకుని వస్తోంది. ఇంటికి ఆధారమైన కొడుకు పోయిన వార్తను అంత చిన్నగా వేయడం మాకూ అలవాటైపోయింది. అందుకే ఇవాళ ఈ చోటు దానికే ఇస్తున్నాం.

రైతును తిట్టడం తేలిక. కానీ ఆయన సరదాకు రోడ్డెక్కలేదు. ఒకప్పుడు కోసిన పనలు కొన్ని రోజులు మడిలోనే ఎండేవి, ఆ తర్వాతే కల్లంలో కొట్టేవారు. ఇప్పుడు పొద్దున హార్వెస్టర్ దిగితే మధ్యాహ్నానికి ట్రాక్టర్ల కొద్దీ పచ్చి వడ్లు వచ్చి పడతాయి. కొనుగోలు సెంటర్‌లో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ, దేవాదుల ఎత్తిపోతల నీళ్లతో వరి సాగు పెరిగింది కానీ, ఆ పంటను ఆరబోసే జాగా ఆ మేరకు పెరగలేదు. మబ్బు పడితే రైతు గుండెల్లో టెన్షన్. తడిస్తే మొలకలొస్తాయి, మొలకలొస్తే మిల్లర్ తరుగు తీస్తాడు. తారురోడ్డు అయితే వేడిగా ఉంటుంది, వడ్లకు మట్టిపెళ్లలు అంటవు, ట్రాక్టర్ నేరుగా వస్తుంది.

పైగా ప్రాణభయం బైక్ మీద పోయేవాడికే కాదు. ఆ వడ్లలో కాళ్లతో సాళ్లు తీస్తూ తిరగేసే ఆడవాళ్లకు జానెడు దూరంలోంచి బస్సులు పోతుంటాయి. రాత్రి కుప్పకు కాపలాగా రైతు అక్కడే, రోడ్డు మీదే దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. నిద్రమత్తులో ఉన్న డ్రైవర్‌కు ఆ దుప్పటి ఏం కనపడుతుంది?

కేసులు పెడతామని పోలీసులు సీజన్ సీజన్‌కూ హెచ్చరిస్తున్నారు. దారికి అడ్డం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. చట్టం ఉండాల్సిందే. కానీ రోడ్డు మీద పోయకుంటే ఎక్కడ పోయాలి అన్న రైతు ప్రశ్నకు ఆ రెండు సెక్షన్లలోనూ జవాబు లేదు.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొట్టింది. పసిపిల్లలు పోయారు. అప్పటిదాకా అటూ ఇటూ చూసుకుని పట్టాలు దాటండి అని బోర్డులు పెట్టడమే జాగ్రత్త అనుకున్నారు. చివరికి ఏం చేశారు? గేట్‌మన్‌ను పెట్టారు, అండర్‌బ్రిడ్జిలు కట్టారు, అక్కర్లేని చోట దారే మూసేశారు. 2019 జనవరి నాటికి దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేటు అన్నదే లేకుండా చేశారు. డ్రైవర్ల బుద్ధి మారేదాకా ఆగలేదు, ప్రమాదం పుట్టే చోటునే మార్చారు.

వడ్ల విషయంలో ఆ చోటు కల్లం. ఉపాధి హామీ కింద సిమెంటు కల్లాలు కట్టడం మొదలైంది కూడా. 2022 డిసెంబర్‌లో, అందుకు ఖర్చయిన 151 కోట్ల రూపాయలు తిరిగి కట్టమని కేంద్రం అడిగింది. తీర రాష్ట్రాల్లో చేపలు ఆరబెట్టే గచ్చులకు లేని అభ్యంతరం మా కల్లాలకు ఎందుకని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం నిలదీసింది, జిల్లాల్లో ధర్నాలు జరిగాయి. ఎవరి వాదన నెగ్గిందన్నది మాకు ముఖ్యం కాదు. వడ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. గ్రామానికి ఒకటి రెండు ఉమ్మడి కల్లాలైనా కొనుగోలు సెంటర్ పక్కనే కట్టాలి. డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుందో కేంద్రం, రాష్ట్రం కూర్చుని తేల్చుకోవాలి.

అవి కట్టేదాకా ఆగలేని పనులు కొన్ని ఉన్నాయి. జాతీయ రహదారుల మీద, మలుపుల్లో, కల్వర్టుల దగ్గర కుప్ప ఉండనే కూడదు, ఇందులో బేరం లేదు. బడి ఆటస్థలాలు, మార్కెట్ యార్డులు కోతల నెల రోజులు రైతులకు తెరవాలి. గన్నీ సంచులు, హమాలీలు, లారీలు వేళకు అందితే రెండు రోజుల్లో లేవాల్సిన కుప్ప పది రోజులు అక్కడే ఉండదు. ఊరి రోడ్డు మీద తప్పనిసరై ఉంచిన కుప్పకు రెండు కొసలా మెరిసే స్టిక్కర్ అంటించిన డబ్బా అయినా నిలబెట్టాలి. దానికయ్యే ఖర్చు ఎంతని!

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. కాంటా అయి వడ్లు మిల్లుకు పోయాక కూడా ఆ రాళ్లు రోడ్డు మీదే వరుసగా మిగులుతున్నాయి. కుప్ప కనీసం ఎత్తుగా కనపడేది, ఈ రాయి అదీ కనపడదు. ప్రతి పంచాయతీకీ ట్రాక్టర్ ఉంది. చెత్త ఎత్తే ఆ ట్రాక్టరే సాయంత్రం ఒక్క గంట ఊరి పొలిమేర దాకా తిరిగి ఈ రాళ్లు ఎత్తుకుపోవాలి. ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు.