అమ్మానాన్నలకు ఒక మ్యాట్నీ చూపిద్దాం

మే నెల వచ్చిందంటే న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల మన ఇళ్లన్నీ అమ్మానాన్నలతో, అత్తమామలతో కళకళలాడతాయి. వచ్చిన రెండో వారంలో న్యూయార్క్ తీసుకెళ్లడం ఆనవాయితీ. టన్నెల్ దాటడం, పార్కింగ్ కోసం తిరగడం, ఎత్తైన బిల్డింగొకటి ఎక్కించడం, టైమ్స్ స్క్వేర్‌లో నిలబెట్టి ఫొటోలు తీయడం, కాళ్లు లాగుతున్నాయంటే వెనక్కి తీసుకొచ్చేయడం. మా అత్తగారూ మామగారూ మొదటిసారి వచ్చినప్పుడు మేమూ అదే చేశాం. ఆ రాత్రి ఫోన్లో మా ఆడపడుచు "ఏం చూశావమ్మా?" అని అడిగితే, మా అత్తగారు "పెద్ద పెద్ద బిల్డింగులే" అని ఊరుకున్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అందుకే రెండోసారి వచ్చినప్పుడు, సెప్టెంబరులో, వాళ్లను బ్రాడ్‌వే మ్యూజికల్‌కు, అంటే న్యూయార్క్ నాటకశాలల్లో పాటలతో ఆడే నాటకానికి తీసుకెళ్లాం. అప్పటినుంచీ కనిపించిన వాళ్లందరికీ ఇదే చెబుతున్నాను: పెద్దవాళ్లకు న్యూయార్క్‌లో ఒక్కటే చూపించే వీలుంటే, నాటకం చూపించండి.

"అమ్మో, బ్రాడ్‌వే అంటే వందల డాలర్లు" అంటారు. శనివారం రాత్రి ఆటకు ముందు వరుసల్లో కూర్చుంటే నిజమే. కానీ సెప్టెంబరులో ఒకసారి, జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో ఒకసారి బ్రాడ్‌వే వీక్ పెడతారు. పేరుకు వారమే గానీ అంతకంటే ఎక్కువ రోజులే నడుస్తుంది. అందులో చేరిన షోలకు ఒక టికెట్ ధరకు రెండు ఇస్తారు. మేం బాగా వెనక వరుసలు తీసుకున్నాం, మనిషికి 60 డాలర్ల లోపే పడింది. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఎక్కాలన్నా మనిషికి 40 డాలర్లు దాటుతుంది. ఆ రోజులు కుదరకపోతే టైమ్స్ స్క్వేర్‌లో 47వ వీధి దగ్గర ఎర్రమెట్ల కింద టీకేటీఎస్ కౌంటర్ ఉంది. 1973 నుంచి నడుస్తోంది, ఏ రోజు షోలకు ఆ రోజే తగ్గింపు టికెట్లు అమ్ముతారు. ఒకరు లైన్లో నిలబడితే చాలు, పెద్దవాళ్లు ఆ మెట్ల మీదే కూర్చోవచ్చు.

కారు మాత్రం వద్దు. టోలూ పార్కింగూ సరిపోవన్నట్టు, 2025 జనవరి నుంచి మాన్‌హట్టన్‌లో 60వ వీధికి దిగువన కారు అడుగుపెడితే పగటిపూట మరో 9 డాలర్లు. మేం ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్లో దిగాం. అక్కడే 1 నంబరు సబ్‌వే పట్టుకుంటే నేరుగా సౌత్ ఫెర్రీ, పడవలెక్కే చోటు. స్టాటెన్ ఐలండ్ ఫెర్రీకి 1997 నుంచి టికెట్టే లేదు. వెళ్లేటప్పుడు కుడివైపు నిలబడితే లిబర్టీ విగ్రహం చక్కగా కనిపిస్తుంది. ఓ పాతిక నిమిషాల ప్రయాణం, అవతల దిగి మళ్లీ ఎక్కాలి, అంతే.

మధ్యాహ్నం బ్రయంట్ పార్కులో కుర్చీలు దగ్గరకు లాక్కుని పులిహోర డబ్బా తెరిచాం. ఈ పార్కు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దవాళ్లతో ఊరు తిరిగేటప్పుడు అసలు టెన్షన్ బాత్రూమ్ గురించే. వాళ్లు బయటికి చెప్పరు, మంచినీళ్లు తాగడం మానేస్తారు. ఈ పార్కులో ఉచితంగా శుభ్రమైన బాత్రూమ్ ఉంది, లోపల తాజా పూలు కూడా పెడతారు. మా అత్తగారు బయటికొచ్చి సీసాడు నీళ్లు తాగారు. నాకు సగం దిగులు తీరింది.

ఇక భాష. "వాళ్లకేం అర్థమవుతుంది?" అని చాలామంది వెనకాడతారు. మేం 'లయన్ కింగ్' ఎంచుకున్నాం. రైల్లోనే కథ తెలుగులో చెప్పేశాను. తమ్ముడు అన్నను చంపి గద్దెనెక్కడం, ఆ అన్న కొడుకు అడవి పాలై పెద్దయ్యాక తిరిగి రావడం. భారతం వింటూ పెరిగినవాళ్లకు ఇందులో కొత్తేముంది? పైగా తెర లేవగానే వినిపించేది దక్షిణాఫ్రికాలో మాట్లాడే జులూ భాష. మా అత్తగారికి ఎంత అర్థమైందో, పక్కన కూర్చున్న అమెరికన్లకూ అంతే అర్థమై ఉంటుంది.

మా మామగారిది తెనాలి. పద్యనాటకాల కోసం తెల్లవార్లూ మేలుకున్న మనిషి. ఆ థియేటర్లో స్టేజీకి రెండు వైపులా పైన డ్రమ్ములు వాయించేవాళ్లు అందరికీ కనిపించేలా ఉంటారు. ఆయన చూపు మాటిమాటికీ అటే పోయింది. విరామంలో నా వైపు తిరిగి, "మనకి హార్మోనియం ఆయన స్టేజీ పక్కనే కూర్చునేవాడమ్మా. నటుడు పద్యం ఎత్తుకునేముందు ఆయన వంక ఒకసారి చూసేవాడు. వీళ్లూ అట్లాగే చూసుకుంటున్నారు" అన్నారు. నేను అప్పటిదాకా అది గమనించనేలేదు. ఒకచోట తెర వెనక వెలుగు పెట్టి నీడబొమ్మలు ఆడిస్తారు. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "తోలుబొమ్మలాట!" అన్నారు, కాస్త గట్టిగానే. ఇంటికెళ్లాక ఆడపడుచుకు గంటసేపు కథ చెప్పారు.

మనవాళ్లు ఇక్కడికొచ్చి ఆరునెలలుంటారు. వారమంతా నాలుగు గోడల మధ్య మన కోసం ఎదురుచూస్తూ గడుపుతారు. మన సంఘం వాళ్ల కోసం ఏటా పిక్నిక్ పెడుతోంది, సంతోషమే. దాంతోపాటు ఒక మ్యాట్నీ కూడా పెట్టాలని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. పది పదిహేను మంది కలిస్తే చాలా షోలకు గ్రూపు ధర దొరుకుతుంది. ముందు ఆదివారం గుడి హాల్లో కూర్చోబెట్టి కథ తెలుగులో చెబుదాం. మెట్లెక్కలేని వాళ్లెవరో ముందే కనుక్కుని, సీట్లు దానికి తగ్గట్టు తీసుకుందాం.

టికెట్లూ రైలూ నేను చూసుకుంటాను. వచ్చే సెప్టెంబరుకు ఎవరి అమ్మానాన్నలు ఇక్కడ ఉంటారో పేర్లు ఇవ్వండి.