నార్వెల్ గారూ, ముందు బయట ఒక్క మ్యాచ్ గెలిచి రండి

ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ (ఎఫ్‌ఎస్‌యూ) ఫుట్‌బాల్ టీమ్ అవతలి వాళ్ళ స్టేడియంకి వెళ్ళి ఆఖరిసారి గెలిచింది ఎప్పుడో తెలుసా, 2023 నవంబర్ 25న, గెయిన్స్‌విల్‌లో, గేటర్స్ (యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా టీమ్) మీద, 24-15. ఆ తర్వాత రెండు ఫుల్ సీజన్లు అయిపోయాయి. 2024లో నాలుగు సార్లు, 2025లో ఐదు సార్లు బయటకెళ్ళారు, తొమ్మిదీ ఓడిపోయి వచ్చారు. డబ్లిన్‌లో జార్జియా టెక్ చేతిలో ఓడింది ఇందులో లెక్కెయ్యలేదు, అది ఇద్దరిదీ కాని గ్రౌండ్ కాబట్టి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, కోచ్ మైక్ నార్వెల్‌ని ఇంకో ఏడాది ఉంచుతున్నాం అని యూనివర్సిటీ చెప్పిన దగ్గర్నుంచి, ఆ యూనివర్సిటీ ఉన్న టాలహాసీలో చదువుకున్న మన తెలుగు వాళ్ళ గ్రూప్‌లో రోజూ ఇదే గొడవ. మొన్న ఒక జూనియర్ సూటిగా అడిగాడు, "అన్నా, సరే, తీసెయ్యలేదు, ఉన్నాడు, ఇంక ఏం చేస్తే మీరంతా ఆయన్ని మళ్ళీ నమ్ముతారు?" అని. మంచి ప్రశ్న. గ్రూప్‌లో రెండు లైన్లలో చెప్తే సరిపోదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఈ ఆట ఫాలో అవ్వని వాళ్ళ కోసం ముందు కొంచెం. ఇది అమెరికన్ ఫుట్‌బాల్, అందులోనూ కాలేజీ టీమ్‌లు ఆడేది. మామూలు సీజన్‌కి పన్నెండే మ్యాచ్‌లు, బాగా ఆడితే ఆపైన కాన్ఫరెన్స్ అనే లీగ్ ఫైనల్, బౌల్ అనే ఆఖరి మ్యాచ్, ఒకటి పోయినా ఏడాదంతా గుచ్చుకుంటుంది. నార్వెల్ 2019 డిసెంబర్‌లో మెంఫిస్ నుంచి వచ్చాడు. 2023లో పదమూడుకి పదమూడు గెలిపించి మా లీగ్ అయిన ఏసీసీ కాన్ఫరెన్స్ ఛాంపియన్‌ని చేశాడు, అయినా ఎటాక్ నడిపించే, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ ట్రావిస్ కాలు విరిగిందన్న వంకతో, దేశ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి టీమ్‌లని ఎంచే కమిటీ మమ్మల్ని పక్కన పెట్టి అలబామాని తీసుకుంది. పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్ ఒక్క ఓటమి కూడా లేకుండా ఉండి ప్లేఆఫ్‌కి పోకపోవడం 2014లో ఆ ప్లేఆఫ్ మొదలయ్యాక అదే మొదటిసారి. అన్యాయమే, ఇప్పటికీ అన్యాయమే అంటాను. తర్వాత చాలామంది ప్లేయర్లు లేకుండా ఆరెంజ్ బౌల్‌కి వెళ్ళి జార్జియా చేతిలో 63-3 తిన్నాం. ఆ మరుసటి నెలలోనే కోచ్‌కి కొత్త పెద్ద కాంట్రాక్ట్. ఇక 2024లో 2-10, అంటే రెండు గెలుపులు, పది ఓటములు. 2025లో 5-7. రెండేళ్ళు కలిపి కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు పదహారు ఆడితే గెలిచినవి మూడు.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది ఏమంటున్నారంటే ఒక పెద్ద గెలుపు పడితే అంతా సర్దుకుంటుంది అని. కానీ పెద్ద గెలుపు పడింది కదా! 2025 ఆగస్టు 30న, సీజన్ మొదటి మ్యాచ్, మా సొంత డోక్ క్యాంప్‌బెల్ స్టేడియంలో అలబామాని 31-17తో కొట్టాం. ఆ రోజు సాయంత్రం నేను ఎంత సంబరపడ్డానో మా ఇంట్లో వాళ్ళకి తెలుసు. అంతకుముందు ఏడాది రెండే మ్యాచ్‌లు గెలిచిన టీమ్ అలబామాని లైన్ దగ్గర అలా నెట్టి పారేస్తుంటే ఎవరికి ఆనందం ఉండదు చెప్పండి. తర్వాత రెండు చిన్న టీమ్‌ల మీద 77, 66 పాయింట్లు కొట్టారు, ర్యాంకింగ్‌లో ఎనిమిదికి వెళ్ళిపోయాం. అప్పుడొచ్చింది మొదటి బయట మ్యాచ్, వర్జీనియాలో, శుక్రవారం రాత్రి. రెండో ఓవర్‌టైమ్‌లో 46-38తో ఓటమి. అక్కడి నుంచి వరసగా మయామి 28-22, పిట్ 34-31, స్టాన్‌ఫర్డ్ 20-13. నాలుగు ఓటములు, ఒక్కదాంట్లో కూడా తేడా ఎనిమిది పాయింట్లు దాటలేదు. అలబామా మీద వచ్చిన నమ్మకం అక్టోబర్ అయ్యేలోపే ఆవిరి.

అందుకే నేను పెద్ద గెలుపు అడగట్లేదు. బయట గెలుపు అడుగుతున్నా. మామూలు శనివారం, మామూలు ఏసీసీ టీమ్, వాళ్ళ ఊరు, వాళ్ళ జనం, మధ్యాహ్నం మ్యాచ్, దేశం మొత్తం వేరే మ్యాచ్ చూస్తున్నప్పుడు, అక్కడ గెలిచి రండి.

ఎందుకు బయటే అంటే, సొంత స్టేడియంలో అరవై ఏడు వేల చిల్లర మంది మనకోసం అరుస్తారు. మ్యాచ్ ముందు గుర్రం మీద మా స్కూల్ చిహ్నమైన ఓసియోలా వేషం వేసిన మనిషి వచ్చి మైదానం మధ్యలో మండే ఈటె గుచ్చుతుంటే ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఒళ్ళు దానంతటదే వేడెక్కుతుంది. ఆ ఊపులో అలబామానైనా కొట్టొచ్చు, కొట్టాం కూడా. కానీ బయటకెళ్తే ఆ ఊపు అవతలి వాళ్ళది. ఆ గోలలో క్వార్టర్‌బ్యాక్ అరిచేది పక్కవాడికి వినపడదు, సైగలతో ఆడాలి, తొందరపడి కదిలితే పెనాల్టీ, మొదటి పదిహేను నిమిషాల్లో ఒక బంతి జారవిడిస్తే స్టేడియం మొత్తం మీద పడిపోతుంది. అక్కడ నిలబెట్టేది టాలెంట్ ఒక్కటే కాదు, వారం మొత్తం ఎలా ప్రాక్టీస్ చేశారు, ఎవడి పని వాడికి ఎంత గట్టిగా తెలుసు, వెనకబడ్డప్పుడు సైడ్‌లైన్‌లో కోచ్ మొహం చూస్తే ఏం కనిపించింది, ఇవే. అంటే అది పూర్తిగా కోచ్ పని. ఇంట్లో పులి బయట పిల్లి అయిందంటే దానికి ప్లేయర్ల మీద తప్పు తోసేయడానికి లేదు.

పోనీ ఓడింది ఎవరి చేతిలో? 2024లో డ్యూక్ చేతిలో ఓడాం, మా స్కూల్ చరిత్రలో అప్పటిదాకా డ్యూక్ ఒక్కసారి కూడా మమ్మల్ని గెలవలేదు. అదే ఏడాది నోటర్ డేమ్‌లో 52-3తో ఓడాం. 2025లో స్టాన్‌ఫర్డ్, గేటర్స్ ఇద్దరూ తాత్కాలిక కోచ్‌లతో నడుస్తున్న టీమ్‌లు, ఇద్దరూ సీజన్ 4-8తో ముగించారు, ఆ నాలుగు గెలుపుల్లో ఒకటి ఇద్దరికీ మనమే ఇచ్చాం. గేటర్స్ మీదైతే 40-21, సీజన్ ఆఖరి మ్యాచ్, గెలిస్తే బౌల్ మ్యాచ్‌కి వెళ్ళే ఛాన్స్ ఉన్న రోజు. స్టాన్‌ఫర్డ్ మ్యాచ్‌కి బే ఏరియాలో ఉన్న మన బ్యాచ్ వాళ్ళు మా టీమ్ రంగు గార్నెట్ టీషర్టులు వేసుకుని వెళ్ళారు, టాలహాసీ వదిలాక వాళ్ళకి టీమ్‌ని దగ్గర్నుంచి చూసే అవకాశం వచ్చిందే మొదటిసారి, వాళ్ళు పెట్టిన ఫోటోల్లో మొహాలు చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

ఇంకో విషయం చెప్పాలి, ఇది మా స్కూల్‌కి సంబంధించి చాలా ముఖ్యం. ప్రాక్టీస్ గ్రౌండ్ పక్కన సాడ్ సిమెట్రీ అని ఒకటుంది. బయటకెళ్ళి గెలవరు అనుకున్న మ్యాచ్ గెలిస్తే ఆ మైదానంలోంచి ఒక గడ్డి పెళ్ళ పెరికి తెచ్చి ఇక్కడ పాతిపెట్టి, పైన స్కోరుతో ఫలకం పెడతారు. 1962లో జార్జియాని వాళ్ళ ఊళ్ళోనే 18-0తో ఓడించినప్పుడు మొదలైంది. అప్పటికి ఎఫ్‌ఎస్‌యూ అంటే మొన్నటిదాకా ఆడపిల్లల కాలేజీ, పెద్ద టీమ్‌లు టాలహాసీకి వచ్చి ఆడడం తక్కువ, ఎక్కువగా మనమే పోవాలి. తర్వాత కోచ్‌గా బాబీ బౌడెన్ వచ్చాడు, 1976లో మొదటి సీజన్ 5-6. ఆయన 1981లో వరసగా ఐదు మ్యాచ్‌లు బయట ఆడాడు, నెబ్రాస్కా, ఒహాయో స్టేట్, నోటర్ డేమ్, పిట్, ఎల్‌ఎస్‌యూ. ఇప్పటి కోచ్‌లు ఎవరూ అలాంటి షెడ్యూల్ మీద సంతకం పెట్టరు. అందులో ఒహాయో స్టేట్, నోటర్ డేమ్, ఎల్‌ఎస్‌యూ, మూడు చోట్ల గెలిచాడు. 1993, 1999 నేషనల్ టైటిల్స్ తర్వాత సంగతి, ఈ ప్రోగ్రామ్‌కి పేరొచ్చిందే అవతలి వాళ్ళ గడ్డ మీద. అలాంటి స్కూల్ రెండేళ్ళుగా బయట ఒక్కటి కూడా గెలవకపోతే పాత ఫ్యాన్స్‌కి ఎక్కడ తగులుతుందో ఊహించుకోండి.

నార్వెల్‌కి ఇది చేతకాదు అనడం లేదు. చేశాడు కాబట్టే అడుగుతున్నా. 2021లో జాక్సన్‌విల్ స్టేట్ అనే చిన్న టీమ్ చేతిలో ఆఖరి సెకనులో ఓడిపోయి, 0-4తో మొదలైన సీజన్ గుర్తుందా, అప్పుడు కూడా ఇంటికి పంపించెయ్యమనే అన్నారు అందరూ. అదే టీమ్ చాపెల్ హిల్ వెళ్ళి నార్త్ కరోలైనాని 35-25తో కొట్టింది, నా లెక్కలో మార్పు మొదలైంది అక్కడే. 2022లో లూయివిల్‌లో మ్యాచ్ మధ్యలో ట్రావిస్‌కి దెబ్బ తగిలితే బ్యాకప్ కుర్రాడు టేట్ రోడ్‌మేకర్ వచ్చి 35-31తో గెలిపించాడు. మయామి వెళ్ళి 45-3తో గెలిచారు. 2023లో బయట ఐదు ఆడి ఐదూ గెలిచారు, క్లెమ్సన్‌లో ఓవర్‌టైమ్‌లో గెలిచారు, గెయిన్స్‌విల్‌లో మళ్ళీ అదే రోడ్‌మేకర్‌తో గెలిచారు. తర్వాత వారం ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో మూడో నంబర్ క్వార్టర్‌బ్యాక్, మొదటేడు కుర్రాడు బ్రాక్ గ్లెన్ ఆడాడు, ఎటాక్ దాదాపు లేదు, డిఫెన్స్ ఒక్కటే 16-6తో మ్యాచ్ లాగేసింది. బ్యాకప్‌కి బ్యాకప్ ఉన్నా భయం లేని టీమ్ అది. ఆ టీమ్‌ని తయారుచేసింది ఈ మనిషే. మరి ఆ మనిషి ఏమైపోయాడు అన్నదే మా బాధంతా.

నాకు అనిపించేది ఏంటంటే, ఆ టీమ్‌ని చూసి అందరూ తప్పు పాఠం నేర్చుకున్నారు. అందులో పోర్టల్ నుంచి, అంటే వేరే కాలేజీల నుంచి మారి వచ్చిన వాళ్ళు చాలామంది, నిజమే. కానీ జారెడ్ వర్స్ ఆల్బనీ నుంచి వచ్చి ఒక్క ఏడాది ఆడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళిపోగలిగి కూడా ఇంకో ఏడాది ఉన్నాడు. ట్రావిస్ ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి, తిట్లు తిని, రాటుదేలాడు. వాళ్ళంతా వెళ్ళిపోయాక 2024లో డీజే ఉయంగలెలే అనే క్వార్టర్‌బ్యాక్‌ని ఆరెగాన్ స్టేట్ నుంచి ఒక్క ఏడాదికి తెచ్చారు. 2025లో బాస్టన్ కాలేజ్ నుంచి టామీ కాస్టెల్లానోస్‌ని ఒక్క ఏడాదికి తెచ్చారు. కుర్రాళ్ళ తప్పు కాదు, వచ్చారు, ఆడారు, కాస్టెల్లానోస్ అయితే దమ్మున్నవాడు, అలబామా రోజు అది అందరూ చూశారు. కానీ ప్రతి ఆగస్టులో కొత్త మొహం, కొత్త భాష, కొత్త సైగలు, ఇలా అయితే గోలగోలగా ఉన్న స్టేడియంలో నాలుగో క్వార్టర్‌లో ఏడు పాయింట్లు వెనకబడినప్పుడు ఒకరినొకరు కళ్ళతో అర్థం చేసుకునేది ఎలా? అది ఏడాదికి అద్దెకి దొరికేది కాదు. హైస్కూల్ నుంచి తెచ్చిన ఒక క్వార్టర్‌బ్యాక్‌ని ఓడినా సరే నిలబెట్టి పెంచండి, ముందు లైన్‌లో ఆడే వాళ్ళని మూడేళ్ళు ఉంచుకోండి. మ్యాచ్‌లు ఓడుతున్నా ఆ పని జరుగుతోందని కనిపిస్తే నాలాంటి వాళ్ళు ఓపిక పడతారు.

కోచ్ కింద ఎటాక్, డిఫెన్స్ చూసే కోఆర్డినేటర్లని మార్చడం మీద నాకు పెద్ద ఆశ లేదు. 2-10 తర్వాత మార్చారు, గస్ మాల్జాన్‌ని, టోనీ వైట్‌ని తెచ్చారు, ఇద్దరూ పేరున్న వాళ్ళే, అయినా బయట ఐదుకి ఐదు పోయాయి.

డబ్బు సంగతి కూడా. తీసెయ్యాలంటే ఐదు కోట్ల డాలర్లకు పైగా ఇచ్చుకోవాల్సి వచ్చేది, అందుకే ఉంచారు అని అందరికీ తెలుసు. 2-10 తర్వాత ఆయన తన జీతంలోంచి 45 లక్షల డాలర్లు స్కూల్‌కే వదులుకున్నాడు, ఆ పని అందరూ చెయ్యరు, నేను గౌరవిస్తాను. కానీ గౌరవం వేరు నమ్మకం వేరు. 2025 జూలై నుంచి స్కూళ్ళు ప్లేయర్లకి నేరుగా డబ్బులిస్తున్నాయి, మొదటి ఏడాది రెండు కోట్ల ఐదు లక్షల డాలర్ల దాకా, ఆ డబ్బు మళ్ళీ ఫ్యాన్స్ జేబుల్లోంచే కదా టికెట్ల రూపంలోనో విరాళాల రూపంలోనో వెళ్ళేది. డబ్బిచ్చే వాళ్ళు ఒకటి అడగడం న్యాయమే. ప్రెస్ మీట్‌లో "ఇది మన స్థాయి కాదు, సరిచేస్తాం" అనే మాట మళ్ళీ వద్దు. వర్జీనియాలో ఎందుకు ఓడాం, స్టాన్‌ఫర్డ్‌లో ఎందుకు ఓడాం, ప్రయాణం వారంలో ఏం మారుస్తున్నారు, గోలలో ప్రాక్టీస్ ఎలా చేయిస్తున్నారు, అది చెప్పండి. కారణం చెప్పగలిగిన వాడు సరిచెయ్యగలడని నమ్మొచ్చు.

2026 షెడ్యూల్లో అలబామా ఊరు టస్కలూసాకి ప్రయాణం ఉంది, అలబామా వాళ్ళు పగతో కాచుక్కూర్చుంటారు. అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు, అక్కడ గెలిస్తే నమ్ముతాం, ఓడితే సాగనంపుదాం అని. నేను అలా అనను. అక్కడ ఓడిపోయినా నోరెత్తను. నేను చూసేది ఆ తర్వాతి వారాలు, మొదటిసారి ఏదో ఒక ఏసీసీ ఊరికి వెళ్ళినప్పుడు మొదటి క్వార్టర్. మళ్ళీ బంతి జారవిడిచి, మళ్ళీ తొందరపడి పెనాల్టీలు తిని, పద్నాలుగు పాయింట్లు వెనకపడి, ఆయన అదే చప్పట్లు కొడుతూ సైడ్‌లైన్‌లో తిరుగుతుంటే, ఇంక కాంట్రాక్ట్ ఎంతైనా సరే ఆయన్ని పంపించమని నేనూ అడుగుతాను. అలా కాకుండా 17-14తో ఎలాగోలా గెలిచి బస్సెక్కితే చాలు, అందంగా ఆడక్కర్లేదు, ఆ రాత్రే మా జూనియర్‌కి నేనే ఫోన్ చేసి చెప్తా, తమ్ముడూ, వచ్చే ఏడాది కూడా ఈయనే ఉండనీ అని.