లోడు లాగే బండికి టర్బోనే కావాలి, ఎందుకో చెబుతాను

డాలస్‌లో ఉండే మా బావ పోయిన వారం వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. పెట్రోలు పికప్ ట్రక్కుకి సూపర్‌చార్జర్ బిగించి యాక్సిలరేటర్ తొక్కితే బండి బాణంలా దూసుకుపోతోంది. కింద ఒక మాట రాశాడు: "మన లారీలకి ఇది ఎందుకు పెట్టరు? ఇంకా ఆ టర్బోలేనా?" ఫోన్ చేసి చెప్పబోతే విననే లేదు. ఇదే ప్రశ్న ఈమధ్య ఇక్కడి కుర్రాళ్లు కూడా అడుగుతున్నారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఇంజన్‌కి బలం పెరగాలంటే ఎక్కువ ఇంధనం కాలాలి. అది కాలాలంటే ఎక్కువ గాలి కావాలి. టర్బో అయినా సూపర్‌చార్జర్ అయినా చేసే పని ఒక్కటే, గాలిని ఒత్తి సిలిండర్లలోకి తోయడం. ఆ తోసే శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గరే దారులు వేరవుతాయి. సూపర్‌చార్జర్‌ని ఇంజన్ తిప్పే ఇరుసు (క్రాంకు) నుంచి బెల్టుతో తిప్పుతారు. అంటే ఇంజన్ తన సంపాదనలోంచే దానికి కూలి ఇవ్వాలి. టర్బోను తిప్పేది సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ. మనం డబ్బు పోసి కొన్న డీజిల్‌లో దాదాపు మూడో వంతు శక్తి ఆ పొగతోనే బయటికి పోతుంది. వార్చిన గంజిని పారబోయకుండా కుడితిలో కలిపి గేదెకి పెట్టినట్టు, టర్బో ఆ పోయేదాన్ని పట్టుకుని పనిలో పెడుతుంది. పొగ దారికి టర్బో కొంత అడ్డం పడే మాట నిజమే, ఆ ఎదురు ఒత్తిడి ఇంజన్ మీద పడుతుంది. అయినా లెక్క వేస్తే లాభం టర్బోదే. రోజుకి వందల కిలోమీటర్లు తిరిగే బండికి ఆ లాభం నెలాఖరున డీజిల్ బిల్లులో కనిపిస్తుంది.

మాది సాలూరు. లారీల ఊరు. విశాఖ నుంచి రాయపూర్ వెళ్లే రోడ్డులో సాలూరు దాటగానే పి.కోనవలస ఘాట్ మొదలవుతుంది. ఆపైన సుంకి, ఇంకా పైన 870 మీటర్ల ఎత్తులో కొరాపుట్. నాన్న మొదటి లారీకి టర్బో లేదు. నిండు లోడుతో ఘాట్ ఎక్కుతుంటే ఫస్టు గేరు, సెకండు గేరు, అంతకు మించి పడేది కాదు. బాగా నిటారుగా ఉన్న మలుపుల్లో క్లీనర్ కిందికి దూకి, చెక్క దిమ్మ చేత్తో పట్టుకుని వెనక చక్రం పక్కనే నడిచేవాడు. బండి ఆగి వెనక్కి జారితే చక్రం కింద పెట్టడానికి. వేసవి సెలవుల్లో నేను క్యాబిన్‌లో కూర్చుని అద్దంలోంచి అతన్నే చూస్తూ ఉండేవాణ్ణి. తర్వాత టర్బో బండి కొన్నాం. అదే ఘాట్, అంతే లోడు, చాలా చోట్ల థర్డ్ గేరులో ఎక్కింది. క్లీనర్ దిగాల్సిన పనే లేకపోయింది. ఆ టర్బో సన్నటి సీటీ శబ్దం వింటుంటే నాన్న ముఖంలో కనిపించిన నిశ్చింత నాకు ఇప్పటికీ గుర్తే.

ఎత్తు సంగతి కూడా చూడాలి. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. కొరాపుట్ దగ్గరికి వచ్చేసరికి సముద్ర మట్టంతో పోలిస్తే గాలి ఒత్తిడి సుమారు పదో వంతు తగ్గిపోతుంది. సూపర్‌చార్జర్ వేగం ఇంజన్ వేగానికి కట్టేసి ఉంటుంది కాబట్టి గాలి పలచబడ్డా దాని తిరుగుడు పెరగదు. టర్బో అలా కాదు, ఇంకా వేగంగా తిరిగి ఆ లోటులో చాలా భాగం పూడుస్తుంది. బావా, నువ్వు కొలరాడో వెళ్లినప్పుడు ఐ-70 రోడ్డు మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటే ఉంటావు. అది 3,400 మీటర్ల ఎత్తు. అక్కడ లోడు లాక్కుంటూ ఎక్కే పెద్ద ట్రక్కుల హుడ్ ఎత్తి చూడు, లోపల ఏముందో తెలుస్తుంది.

సూపర్‌చార్జర్ అభిమానులు ఎత్తే ప్రధానమైన మాట టర్బో ల్యాగ్. దాన్ని నేను కాదనను. హెయిర్‌పిన్ మలుపులో బండి వేగం పడిపోయి, ఇంజన్ తిరుగుడు తగ్గినప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ముందు నల్లటి పొగ వస్తుంది, ఒకటి రెండు సెకన్లు ఏమీ జరగదు, ఆ తర్వాత గానీ బండి లాగదు. సూపర్‌చార్జర్ అయితే ఆ ఆలస్యం ఉండదు. కానీ అనుభవం ఉన్న డ్రైవరు మలుపు రాకముందే గేరు తగ్గించి తిరుగుడు పడిపోకుండా చూసుకుంటాడు. పైగా ఇప్పటి టర్బోల్లో పొగ దారిని అవసరాన్ని బట్టి ఇరుకు చేసి, వెడల్పు చేసే రెక్కలు వచ్చాయి. ఒకప్పటి ల్యాగ్‌లో చాలా వరకు పోయింది.

లారీలకి సూపర్‌చార్జర్ ఎప్పుడూ వాడలేదా అంటే, వాడారు. అమెరికాలో 1938లో మొదలైన డెట్రాయిట్ డీజిల్ టూ-స్ట్రోక్ ఇంజన్లకి రూట్స్ బ్లోయర్ ఉండేది, అది ఇంజన్ తిప్పే ఒక రకం సూపర్‌చార్జరే. అది అదనపు బలం కోసం పెట్టింది కాదు. ఆ రకం టూ-స్ట్రోక్ ఇంజన్ తనంతట తాను గాలి పీల్చుకోలేదు, పొగను బయటికి నెట్టి కొత్త గాలి నింపడానికి బ్లోయర్ ఉండి తీరాలి. బలం కావాల్సి వచ్చినప్పుడు వాళ్లు కూడా ఆ బ్లోయర్‌కి తోడుగా టర్బోనే బిగించారు. స్వీడన్‌లో వోల్వో 1954లో టైటాన్ లారీకి టర్బో పెడితే 150 హార్స్‌పవర్ ఇంజన్ 185కి చేరింది. లారీ లోకం ఎటు నడవాలో అప్పుడే తేల్చుకుంది.

ఇక టర్బోకి మనం చేసే అన్యాయం గురించి. మా బండికి ఒక డ్రైవరు ఉండేవాడు, మంచివాడు, పనిమంతుడు. ఘాట్ ఎక్కి సుంకిలో టీకి ఆగగానే టక్కున ఇంజన్ ఆపేసేవాడు. అప్పటికి టర్బో ఎర్రగా కాలి ఉంటుంది, లోపలి షాఫ్టు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ ఆగితే ఆయిల్ పంపు ఆగుతుంది, బేరింగులో మిగిలిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. అలా కొన్ని నెలలు. ఒకరోజు షెడ్డులో బండి స్టార్ట్ చేస్తే టర్బోలో ఆయిల్‌ని ఆపే సీల్ పూర్తిగా పోయి, ఇంజన్ తన ఆయిల్‌నే పీల్చుకుని కాల్చడం మొదలుపెట్టింది. తాళం తిప్పేసినా ఆగలేదు. శబ్దం పెరుగుతూనే ఉంది, షెడ్డంతా నీలం పొగ, ఎదుటి మనిషి కనపడడం లేదు. అందరం బయటికి పరిగెత్తాం. నాన్న ఒక్కడే తొట్టిలో గోనెసంచి ముంచి, ఎయిర్ ఫిల్టర్ మూత ఊడబెరికి, గాలి దారిలో ఆ సంచిని కుక్కి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. గాలి అందక ఇంజన్ దగ్గి ఆగిపోయింది. రెండు నెలలు బండి మూలన పడింది, ఫైనాన్స్ వాయిదాలు మాత్రం ఆగలేదు.

ఆ తర్వాత మా బండ్లలో ఏ డ్రైవరైనా ఘాట్ ఎక్కాక రెండు మూడు నిమిషాలు ఇంజన్‌ని ఐడిల్‌లో (బండి నిలిపి నెమ్మదిగా తిరగనిస్తూ) ఉంచాల్సిందే. ఈ ఒక్క అలవాటు చేతకాని వాళ్లే "టర్బో నమ్మదగింది కాదు" అని తిరుగుతుంటారు. వినేవాళ్లకి నా మనవి, ఆ మాట నమ్మకండి.

"పికప్ పెంచుతాం" అనే షెడ్లంటే నాకు మహా కోపం. పాత బండి అయితే డీజిల్ పంపు స్క్రూ తిప్పుతారు, కొత్తది అయితే ల్యాప్‌టాప్ పెట్టి సెట్టింగ్ మారుస్తారు. గాలి పెరగకుండా డీజిల్ ఒక్కటే పెరిగితే నల్ల పొగ, వేడి, చివరికి కరిగిన పిస్టన్. పికప్ మాట పక్కనపెట్టు, చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట వెతికేది ఇలాంటివే.

ఇప్పుడు నీ బండి సంగతి, బావా. నీది టర్బో లేని 5 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్ల) పెట్రోలు ఇంజన్ ఉన్న ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు. సరదాగా వేగం కావాలంటే దానికి సూపర్‌చార్జర్ కిట్టే సులువు, అది ఒప్పుకుంటాను. ఇంజన్ పైన కూర్చుంటుంది, పొగ గొట్టాలు కదపక్కర్లేదు, తొక్కగానే స్పందిస్తుంది. 2021 మోడల్‌గా వచ్చిన రామ్ టీఆర్‌ఎక్స్ పికప్ ట్రక్కుకి కంపెనీయే 6.2 లీటర్ల ఇంజన్ మీద సూపర్‌చార్జర్ పెట్టి 702 హార్స్‌పవర్ ఇచ్చింది. కానీ దాని మైలేజీ గ్యాలనుకి 12 మైళ్లు, మన లెక్కలో లీటరుకి 5 కిలోమీటర్లు. మా ఆరు చక్రాల లారీ నిండు లోడుతో ఇచ్చేది కూడా దాదాపు అంతే.

నీకు కావాల్సింది వేగం కాదు కదా, పిల్లలతో క్యాంపింగ్‌కి ట్రైలర్ లాక్కెళ్లాలి అన్నావు. మీ ఫోర్డ్ వాళ్ల లెక్కే చూడు. 2021 ఎఫ్-150లో 5 లీటర్ల వి8 బలం 400 హార్స్‌పవర్, 3.5 లీటర్ల రెండు టర్బోల ఎకోబూస్ట్ ఇంజన్ బలం కూడా 400. టార్క్ (ఇరుసును మెలితిప్పే శక్తి) మాత్రం వి8కి 4,250 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 410 పౌండ్-ఫీట్, టర్బోకి 3,100 దగ్గరే 500. ట్రైలర్‌ని లాగేది ఆ కింది తిరుగుడులో వచ్చే టార్కే. ఎనిమిది వేల డాలర్లు పైన పెట్టి కిట్ కొని వారంటీ మీద టెన్షన్ పడే బదులు, వి8 అమ్మి ఆ డబ్బు కలిపి టర్బో బండి చూడు. ఈ సంక్రాంతికి వస్తావు కదా, సుంకి దాకా లారీలో తీసుకెళ్తాను.