కొన్నదీ, దోచుకున్నదీ ఒకే గాటన కట్టకండి

యూరప్ రాజభవనాల్లోని చైనా జాడీలు, జపాన్ పెట్టెల ఫొటోలు పెట్టి “ఆ రాజుల కళాభిరుచే వేరు” అని మురిసిపోయే పోస్టులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటిలో డబ్బు పోసి కొన్నవి ఉన్నాయి, దోచుకొచ్చినవీ ఉన్నాయి. అన్నిటికీ కలిపి చప్పట్లు కొట్టడం అన్యాయం.

జర్మనీ ప్రాంతమైన సాక్సనీని ఏలిన అగస్టస్‌కు పింగాణీ అంటే పిచ్చి. 1717లో తన సైనికులు 600 మందిని ప్రష్యా రాజుకు అప్పజెప్పి, బదులుగా 151 చైనా పింగాణీ పాత్రలు తన రాజధాని డ్రెస్డెన్‌కు తెచ్చుకున్నాడు. మనుషుల్నిచ్చి జాడీలు పుచ్చుకోవడం దుర్మార్గమే, సందేహం లేదు. అయినా ఆ రోజుల్లో పింగాణీ చైనా రేవుల్లో వెల కట్టి అమ్మిన సరుకు.

పారిస్ పనివాళ్లు చేసింది కూడా నాకు మింగుడుపడదు. జపాన్‌లో ఉరుషి చెట్టు పాలను పొర మీద పొర పూసి, ప్రతి పొరా గట్టిపడ్డాక సానబట్టి, బంగారు పొడి చల్లి బొమ్మలు దిద్దేవారు. ఎంత ఓపిక కావాలి! 18వ శతాబ్దంలో అలాంటి పెట్టెల్ని రంపంతో కోసి, పైపూతను పల్చటి రేకులా తీసి, ఫ్రెంచ్ బల్లలకు అతికించారు. వాటి మీద ముద్ర ఫ్రెంచ్ వడ్రంగిది. జపాన్ పనివాడి పేరెక్కడ?

ఇక పారిస్ దగ్గరి రాజభవనం ఫాంటెన్‌బ్లో. అక్కడి చైనా మ్యూజియాన్ని 1863లో ఫ్రాన్స్ మహారాణి యూజెనీ ఏర్పాటు చేయించింది. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాయబారులు తెచ్చిన కానుకలు పక్కన పెడితే, అక్కడి చైనా సంపదలో ప్రధాన భాగం 1860 అక్టోబరులో ఫ్రెంచ్, బ్రిటిష్ సేనలు బీజింగ్ వేసవి రాజప్రాసాదాన్ని కొల్లగొట్టి తెచ్చింది. తర్వాత బ్రిటిష్ దూత లార్డ్ ఎల్గిన్ ఆజ్ఞతో ఆ ప్రాసాదాన్ని తగలబెట్టారు. అక్కడ దొరికిన కుక్కపిల్లను విక్టోరియా రాణికి కానుకగా ఇచ్చారు. దానికి పెట్టిన పేరు లూటీ. అంత బాహాటంగా!

దీన్ని తప్పనడానికి ఇప్పటి కళ్లే కావాలా? 1861లోనే ఫ్రెంచ్ రచయిత విక్టర్ హ్యూగో ఇది దోపిడీ అని రాశాడు, ఫ్రాన్స్ ఏదో ఒకరోజు తిరిగిచ్చేస్తుందని ఆశపడ్డాడు.

“అక్కడైతే భద్రంగా ఉన్నాయి కదా” అంటారు కొందరు. 2015 మార్చిలో దొంగలు అదే ఫాంటెన్‌బ్లో మ్యూజియంలో చొరబడి, నిమిషాల్లో 15 దాకా వస్తువులు ఎత్తుకుపోయారు. అదే వేసవి ప్రాసాదానివైన రెండు కంచు జంతు శిరస్సుల్ని, ఎలుకనూ కుందేలునూ, 2013లో ఒక ఫ్రెంచ్ వ్యాపార కుటుంబం చైనాకు తిరిగిచ్చింది. ఒక కుటుంబం చేయగలిగిన పని ప్రభుత్వం ఎందుకు చేయకూడదు?