చెరువుకు ఏ రోగమూ లేదట!

నగర చెరువులో నీళ్లు పరీక్షించడానికి ముహూర్తం ఒక్కటే: మధ్యాహ్నం మూడు గంటలు. ఎండ మండిపోవాలి, ఫౌంటెన్ చిమ్ముతూ ఉండాలి, సరిగ్గా దాని పక్కనే సీసా ముంచాలి. అప్పుడు చూడండి ఆక్సిజన్! 25 డిగ్రీల దగ్గర శుభ్రమైన నీళ్లలో మామూలుగా కరిగేది లీటరుకు 8 మిల్లీగ్రాముల చిల్లర. మన ఆకుపచ్చ చెరువు 12 కూడా చూపిస్తుంది. ఇంకేం, రిపోర్టులో 'ఉత్తమం'.

కిటుకంతా నాచులో ఉంది. మురుగుతో వచ్చే ఫాస్ఫరస్, నైట్రోజన్ తిని బలిసిన నాచు పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రయ్యేసరికి అదే నాచూ, కుళ్లు తినే బ్యాక్టీరియా కలిసి మొత్తం పీల్చేస్తాయి. తెల్లారేముందు కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. కానీ ఆ వేళ అధికారులను లేపడం ఏం మర్యాద చెప్పండి?

ఇక బీఓడీ, అంటే నీళ్లలోని కుళ్లును తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె. అది ఎంత పెరిగితే నీళ్లలో అంత మురుగున్నట్టు. ఐసులో పెట్టి ల్యాబుకు చేర్చాల్సిన సీసా జీపులో ఎండకు కాగుతూ ఊరంతా తిరుగుతుంది, దారిలోనే బ్యాక్టీరియా సగం భోజనం కానిచ్చేస్తుంది కాబట్టి ల్యాబులో అంకె ముచ్చటగా తగ్గిపోతుంది.

అన్నింటికంటే నాకిష్టమైనది కాలుష్య మూలాల అన్వేషణ కమిటీ. గట్టు జారుతోందని సభ్యులంతా ఒక లావుపాటి పైపు ఎక్కి నిలబడతారు. ముక్కులకు కర్చీఫులు. ఒకాయన పక్షుల రెట్టలంటాడు, ఇంకొకాయన రాలిన ఆకులంటాడు, మూడో ఆయన సమగ్ర అధ్యయనం కావాలంటాడు, అది ఎప్పుడూ కావాల్సిందే. కాళ్ల కింద పైపు మాత్రం నల్లగా, నురగలు కక్కుతూ ధారగా పోస్తూనే ఉంటుంది. కాగితాల్లో అది వాన నీటి పైపు. చినుకు పడి నెల దాటింది. మబ్బైనా లేని రోజున అందులో పారేది ఏమిటని ఒక్కరూ అడగరు, ఫొటోకి అడ్డమని పక్కకు జరుగుతారు.

తర్వాత ఒక పొద్దున చేపలు తెల్లటి పొట్టలతో తేలతాయి. ఎండలకు చచ్చాయట! సిగ్గుండాలి. ఊపిరాడక చచ్చాయి. ఊపిరి తీసిందేమిటో మీ ఫైళ్లలోనే ఉంది. సియాటిల్‌లో లేక్ వాషింగ్టన్‌కూ ఇదే జబ్బు చేస్తే 1963 నుంచి 1968 వరకు మురుగును దశలవారీగా మళ్లించారు, కొన్నేళ్లలో నీళ్లు తేటపడ్డాయి. వాళ్లు ముందు పైపుల సంగతి చూశారు, మీరు ఫౌంటెన్‌కు లైట్లు పెట్టారు.

పైపులోకి మురుగు వదిలేదెవరో తేల్చడానికి ఉపగ్రహాలేం అక్కర్లేదు. అనుమానమున్న భవనంలో మరుగుదొడ్లో కాస్త రంగు పోసి ఫ్లష్ చేయండి, కాసేపటికి ఆ రంగే పైపులోంచి బయటికొస్తే దొంగ దొరికినట్టే. ఏ భవనం రంగు బయటపడుతుందో ముందే తెలుసు కాబట్టే కదా మీకు ఆ టెన్షన్?