"నలుగురిలో ఒకరికే" అని ఎవరు చెప్పారండీ?

మా అమ్మాయి పదో తరగతి జీవశాస్త్రం స్లిప్ టెస్ట్ పేపరు ఇప్పుడే చూశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవలేదు.

ప్రశ్న ఇది. తల్లిదండ్రులిద్దరూ తలసేమియా (ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు) వాహకులు, అంటే తమకు జబ్బు లేకుండా దాని జన్యువును మోసేవాళ్లు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది. రెండో బిడ్డకు వచ్చే అవకాశం ఎంత? మా పిల్ల రాసింది: "నాలుగో వంతు. మొదటి బిడ్డకు ఎంతో రెండో బిడ్డకూ అంతే." దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత. పక్కన సార్ రాసిన "సరైన" జవాబు: "రాదు. నలుగురిలో ఒకరికే వస్తుంది."

ఫోన్ చేశాను. "కీలో అలాగే ఉంది మేడమ్. రెండు మార్కులేగా, పబ్లిక్ పరీక్షలో ఇది రాదులెండి" అన్నారు.

పబ్లిక్ పరీక్షలో రాకపోవచ్చు. మా ఇంట్లో వచ్చింది. అందుకే ఇంత కోపం.

ముందు ఆ లెక్క చెప్తాను, ఎందుకంటే పుస్తకం పట్టుకుని తిరిగే పెద్దవాళ్లు కూడా ఇక్కడే తప్పుతున్నారు. వాహకుల దగ్గర ఆ జన్యువు రెండు ఉంటాయి, ఒకటి బాగున్నది, ఒకటి పాడైనది. బాగున్నది ఒకటి ఉంది కాబట్టి వాళ్లకు ఏమీ తెలియదు. కాస్త రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలిచ్చి పంపేస్తారు. బిడ్డకు మాత్రం తల్లి నుంచి ఒక్కటే, తండ్రి నుంచి ఒక్కటే వెళ్తాయి. ఏది వెళ్తుందన్నది బొమ్మా బొరుసే. అటు ఒక నాణెం, ఇటు ఒక నాణెం. రెండూ బొరుసు పడితే బిడ్డకు జబ్బు, అంటే నాలుగో వంతు అవకాశం. కిందటిసారి బొరుసు పడిందని ఈసారి బొమ్మ పడాలన్న రూలు ఎక్కడా లేదు. ప్రతి కాన్పుకూ నాణేలు కొత్తగా ఎగరాల్సిందే.

మెండెల్‌ పేరు చెప్పి 3:1 బట్టీ పట్టిస్తారు కదా, ఆయన ఏం లెక్కపెట్టాడో పిల్లలకు ఎందుకు చెప్పరు? 253 సంకర బఠాణీ మొక్కల నుంచి 7,324 గింజలు ఏరి, గుండ్రనివి 5,474, ముడతలు పడ్డవి 1,850 అని రాసుకున్నాడు. అన్ని వేల గింజలు కలిపి చూస్తే దాదాపు మూడుకు ఒకటి వచ్చింది. ఒక్కో మొక్కను విడిగా చూస్తే? ఒక మొక్కకు 43 గుండ్రనివి, రెండే ముడతలవి. ఇంకో మొక్కకు 14 గుండ్రనివి, 15 ముడతలవి. ఇది ఆయన 1866లో అచ్చు వేయించిన వ్యాసంలోనే ఉంది. వేల గింజల్లో కనిపించే నిష్పత్తిని ఇద్దరు పిల్లలున్న ఇంటికి తెచ్చి అతికిస్తే ఎలా? సరిగ్గా లెక్క వేస్తే, అలాంటి దంపతులకు నలుగురు పిల్లలు పుట్టినా కచ్చితంగా ఒక్కరికే జబ్బు రావడమనేది సగం ఇళ్లలో కూడా జరగదు. కొన్ని ఇళ్లలో ఎవరికీ రాదు. కొన్ని ఇళ్లలో ఇద్దరికి, ముగ్గురికి వస్తుంది.

మా పిన్ని కూతురికి మేనబావతో పెళ్లి చేశారు. వద్దని నేను అనలేదు. తరతరాలుగా మనలో ఉన్నదే, మా అమ్మానాన్నలదీ మేనరికమే. పెళ్లికి ముందు ఇద్దరికీ ఒక్క రక్తపరీక్ష చేయిద్దాం, వాహకులో కాదో తేలడానికి హిమోగ్లోబిన్ ఏ2 ఎంతుందో చూస్తే చాలు అన్నాను. "శుభమా అని పెళ్లి పెట్టుకుంటే రక్తం, జబ్బులు అంటావేంటే" అని పిన్ని వారం రోజులు నాతో మాట్లాడలేదు. జాతకాలు మాత్రం ముగ్గురు పంతుళ్లకు చూపించారు.

గోత్రాలు కలవలేదు కదా, ఇంకేం భయం అన్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి వెళ్తుంది. మేనమామది మన ఇంటి గోత్రం కాదు, నిజమే. కానీ అమ్మకూ మేనమామకూ అమ్మానాన్నలు ఒక్కరే. జన్యువులకు గోత్రంతో పని లేదు, సగం అమ్మ దగ్గర నుంచే వస్తాయి. బావా మరదళ్లకు సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామనే చేసుకుంటే నాలుగో వంతు. తాత దగ్గర పాడైన జన్యువు ఒకటి ఉంటే, అది కూతురి దారిన ఒకసారి, కొడుకు దారిన ఒకసారి దిగొచ్చి ఒకే పసిబిడ్డలో కలిసే దారి మేనరికంలో దగ్గరవుతుంది. ఇంతే విషయం. పదో తరగతి పిల్లకు అర్థమయ్యేదే.

మొదటి బాబు పుట్టినప్పుడు బంగారంలా ఉన్నాడు. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ పుట్టాక కూడా కొన్ని నెలలు కాపాడుతుంది, అందుకే మొదట్లో తెలియదు. ఏడో నెల వచ్చేసరికి పాలిపోయాడు, పాలు తాగడం మానేశాడు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే తలసేమియా మేజర్, అంటే తీవ్రమైన రకం, అన్నారు.

రెండోసారి నెల తప్పినప్పుడు నేను కాళ్లావేళ్లా పడ్డాను. పది పన్నెండు వారాల మధ్య కడుపులో బిడ్డకు పరీక్ష చేస్తారు, చేయించండి అని. అప్పుడు మా బాబాయి, డిగ్రీ చదివిన మనిషి, శుభలేఖ వెనక, ఆ రెండు నాణేలు పడే నాలుగు రకాలకు నాలుగు గళ్లు గీశాడు. ఒక గడి కొట్టేశాడు. "ఇది అయిపోయింది. మిగిలిన మూడూ మంచివే" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పరీక్షకు వెళ్లలేదు.

పాపకూ అదే జబ్బు.

ఆయనకు ఆ నాలుగు గళ్లు నేర్పింది స్కూలే కదా. గళ్లు నేర్పారు, గళ్లంటే ఏమిటో నేర్పలేదు. ఇవాళ మా అమ్మాయి పేపరు మీద అదే తప్పు లెక్క చూసేసరికి నాకు కళ్లు బైర్లు కమ్మాయి.

ఇప్పుడు ఇద్దరు పిల్లలకూ మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది, అది గుండెకూ కాలేయానికీ చేరకుండా రోజూ మందు. ఎండాకాలం రక్తం దొరకక మా చెల్లెలు ఫోన్ పట్టుకుని ఏడ్చిన రాత్రులు నాకు తెలుసు. ఇంతా జరిగాక అత్తగారు అన్న మాట: "దీని కడుపే మంచిది కాదు." ఇద్దరి దగ్గర నుంచీ వస్తేనే వచ్చే జబ్బు అది! సగం వాళ్ల అబ్బాయిదే కదా. ఆ అబ్బాయిని ఎవరూ ఒక్క మాట అనలేదు.

మా అమ్మనూ ఇలాగే అన్నారు. మేం ముగ్గురం ఆడపిల్లలం. ఆడపిల్లల్ని కనే కడుపు అని మా నాన్నమ్మ చచ్చేదాకా దెప్పింది. తల్లి దగ్గర ఎక్స్ క్రోమోజోమ్ తప్ప ఇవ్వడానికి ఇంకేం ఉంది? ఎక్సో వైయో వచ్చేది తండ్రి దగ్గర నుంచి; ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లాడు. నెట్టీ స్టీవెన్స్ అనే ఆవిడ 1905లోనే పురుగుల కణాల్లో చూసి ఈ సంగతి తేల్చింది. మా అమ్మకు ఆ మాట పదో తరగతి నోటు పుస్తకంలోంచి చదివి వినిపించింది నేనే. పీట మీద కూర్చుని రెండుసార్లు చదివించుకుంది. ఆ తర్వాత పోరు ఆగిందని కాదు, కానీ అమ్మ తల దించుకోవడం మానేసింది.

అందుకే ఆ పాఠం నాకు ప్రాణం. బఠాణీలు, పొడుగు, పొట్టి అని గబగబా చదివించి వదిలేస్తారు. ఆ క్లాసులో కూర్చున్న పిల్లల్లో మేనరికం ఇళ్ల పిల్లలు ఎంతమంది ఉంటారో ఆ సార్‌కు తెలియదా? పదేళ్లలో వాళ్లకు సంబంధాలు చూస్తారు.

రేపు పదింటికి స్కూలుకు వెళ్తున్నాను. పేపరు మీద మార్కులు దిద్దినా దిద్దకపోయినా సరే. కానీ సార్ రేపు అదే క్లాసులో, అదే బోర్డు మీద ఆ లెక్క మళ్లీ వేయాలి. మా అమ్మాయితో కలిపి 42 మంది ఉన్నారు. వాళ్లందరూ ఆ జవాబును ఎర్ర సిరాతో దిద్దుకుని ఇంటికి తీసుకెళ్లారు.