సీసా మీద పేరు చూసి మోసపోకండి

ల్యాబులో ఒక యాంటీబాడీని (ఫలానా పదార్థాన్ని వెతికి పట్టుకునే ప్రొటీన్) నమ్మి చేసిన మూడు వారాల పని సింకులో పారబోసి వచ్చి రాస్తున్నాను. కాస్త కోపంగానే ఉంటుంది, భరించండి.

షుగర్ ఉన్నవాళ్ల ఒంట్లో ప్రొటీన్లకి గ్లూకోజ్ అంటుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకి చేయించే హెచ్‌బీఏ1సీ లెక్క అదే, ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కి ఎంత అంటుకుందో చెబుతుంది. ఎర్రకణం బతికేది సుమారు 120 రోజులు కాబట్టి అక్కడ వ్యవహారం అంతగా ముదరదు. కొలాజెన్, కంటి కటకంలోని క్రిస్టలిన్ అలా కాదు, ఏళ్లకేళ్లు ఉండిపోతాయి. వాటికి అంటుకున్న చక్కెర ముదిరి, ఇక ఊడిరాని సరుకవుతుంది. వాటినే ఏజీఈలు (అడ్వాన్స్‌డ్ గ్లైకేషన్ ఎండ్ ప్రొడక్ట్స్) అంటాం. బాణలిలో కోవా ఎర్రబడేదీ ఈ రసాయనంతోనే. 1912లో మైయార్ అనే ఫ్రెంచాయన బయటపెట్టాడు.

ఇప్పుడు నా గొడవ. ఏజీఈ అంటే ఒక పదార్థం కాదండీ, పెద్ద గుంపు. కార్బాక్సీమిథైల్ లైసిన్, పెంటోసిడిన్, ఇంకా బోలెడు. యాంటీబాడీ సీసా మీద మాత్రం దర్జాగా ‘యాంటీ ఏజీఈ’! ఏ ఏజీఈ నాయనా? జపాన్‌లో 1991 నాటి 6డీ12 అనే యాంటీబాడీనే చూడండి. ఏజీఈలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఆకారాన్ని పడుతోందనుకున్నారు. తర్వాత కొన్నేళ్లకి తేలింది, అది పట్టేది ముఖ్యంగా కార్బాక్సీమిథైల్ లైసిన్‌నని. పోనీ అదైనా చక్కెర నుంచే పుడుతుందా అంటే, కొవ్వులు ఆక్సీకరణం చెందినా పుడుతుంది. ఇంత తెలిసీ పేపర్లలో ‘ఏజీఈలు పెరిగాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం.

నా బ్లాట్‌లో (ప్రొటీన్లని మెంబ్రేన్ అనే పొర మీదకి ఎక్కించి యాంటీబాడీతో వెతికే పరీక్ష) చక్కెర తగలని కంట్రోల్, అంటే పోల్చి చూసే నమూనా, అది కూడా నల్లబడింది. పాడైన సీసా అనుకున్నా. నా నెల ఫెలోషిప్ కంటే ఖరీదైన సీసా అది, గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే, బ్లాకింగ్‌కి, అంటే మెంబ్రేన్ మీద ఖాళీల్లో యాంటీబాడీ అంటుకోకుండా ముందే పూయడానికి, వాడింది పాలపొడి. పాలల్లో లాక్టోజ్, ప్రొటీన్, ఆపైన పొడి చేసేటప్పటి వేడి. అంటే నేను వెతుకుతున్న సరుకునే మెంబ్రేన్ నిండా పూసి, ఆ తర్వాత వెతికానన్నమాట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. సీనియర్ అక్కని అడిగితే, “అందరూ పాలపొడే వాడతారు కదే” అంది.

కణజాలం ముక్కల్ని యాంటీబాడీతో రంగు తేల్చి చూసే స్లైడ్లది ఇంకా ఘోరం. యాంటిజెన్ రిట్రీవల్ పేరుతో, యాంటీబాడీకి అందని చోట్లని బయటికి తేవడానికి, కణజాలాన్ని ఉడకబెడతాం కదా. ఆ వేడికి చక్కెర అంటుకున్న తొలిదశలోని, ఇంకా ముదరని అమడోరి సరుకు అప్పటికప్పుడు కార్బాక్సీమిథైల్ లైసిన్‌గా మారగలదని జపాన్ వాళ్లే 2002లో చూపించారు. షుగర్ ఎలుకలో అమడోరి ఎక్కువ, కాబట్టి ఉడికిస్తే రంగూ ఎక్కువే. ఫలితం ఎంత అందంగా కుదిరిందో అని మనం మురిసిపోతాం. ముందే సోడియం బోరోహైడ్రైడ్ అనే రసాయనంతో ఆ అమడోరిని మారకుండా కట్టేసి, అప్పుడు ఉడికించి చూడండి, అసలు రంగెంతో తెలుస్తుంది. ఆ కంట్రోల్ పెట్టారా అని నా సెమినార్లో ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నాకే తట్టలేదు, వాళ్లననడం దేనికి.

రేపు చేప జెలటిన్‌తో మళ్లీ మొదలుపెడుతున్నా. జంతువుకి దేన్ని ఎక్కించి ఈ యాంటీబాడీ పుట్టించారో చెప్పమని కంపెనీకి మూడో మెయిల్ పెట్టాను. మొదటి రెండిటికీ అదే రంగుల బ్రోషర్ పంపారు.